డ్రమ్ములో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ ఎందుకు పాడవుతుంది?

సీలు కూడా తీయని డ్రమ్ము. దానిమీద ముద్రించిన గడువు దాటి ఏడాది అయింది. శాంపిల్ తీసి పరీక్షిస్తే బీడీవీ (నూనె ఎంత వోల్టేజీ దాకా విద్యుత్తు దూకకుండా ఆపగలదో చెప్పే కొలత) 60 కేవీ, అంటే 60 కిలోవోల్టులు వచ్చింది. వాడుకోవచ్చా, పక్కన పెట్టేయాలా? ఇంకోచోట తయారై మూడు నెలలు కూడా నిండని డ్రమ్ములో అదే పరీక్ష 25 కేవీ దగ్గర ఆగిపోయింది. తప్పు సరఫరాదారుదా, గోదాముదా? సబ్‌స్టేషన్ల నిర్వహణలో, ట్రాన్స్‌ఫార్మర్ మరమ్మతు షెడ్లలో ఈ రెండు సందేహాలూ ఎప్పుడూ ఉండేవే. పాత ఆయిల్ బాగుండటం, కొత్త ఆయిల్ చెడిపోవడం వింతగా అనిపిస్తాయి. నిల్వలో ఉన్న నూనెకు వయసు కంటే పరిసరాలే ఎక్కువ హాని చేస్తాయని గ్రహిస్తే ఈ రెంటికీ ఒకే వివరణ దొరుకుతుంది.

క్లుప్తంగా: మామూలు ఉష్ణోగ్రతలో, చీకట్లో, మూత గట్టిగా బిగించి ఉంచిన ఖనిజ నూనెలో (ముడి చమురు నుంచి తీసే మామూలు ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్‌లో) రసాయనిక క్షీణత చాలా నెమ్మదిగా జరుగుతుంది. నిల్వలో దాన్ని దెబ్బతీసేది ప్రధానంగా బయటి నుంచి వచ్చి చేరే నీరు, దుమ్ము, పరాయి నూనెల మరకలు. నీటిని, దుమ్మును ఫిల్టర్ మెషిన్ తీసేయగలదు. పరాయి పదార్థాలను, ఆక్సీకరణ ఫలితాలను తీయలేదు. బీడీవీ పరీక్ష మొదటి రకం లోపాన్నే పట్టిస్తుంది. అందువల్ల పాత నిల్వను అంచనా వేయడానికి అదొక్కటే చాలదు. ఖనిజ నూనెకు బదులుగా వాడే, మొక్కల నుంచి తీసే ఎస్టర్ ద్రవాల సంగతి వేరు, వాటికి గాలే పెద్ద శత్రువు.

ప్రమాణాలే చెబుతున్న సంగతి

ట్రాన్స్‌ఫార్మర్‌లో నూనెకు రెండు పనులు. చుట్టల మధ్య విద్యుత్తు దూకకుండా అడ్డుకోవాలి, చుట్టల్లో పుట్టిన వేడిని బయటికి మోసుకుపోవాలి. ఈ రెంటిలో మొదటిది సున్నితమైన పని. పది లక్షల భాగాల నూనెలో కొన్ని పదుల భాగాల నీరు చేరితే వేడిని మోసే శక్తిలో ఏ తేడా రాదు. విద్యుత్ నిరోధం మాత్రం సగానికి సగం పడిపోవచ్చు.

వాడని కొత్త ఖనిజ నూనె ఎలా ఉండాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60296. అందులోని రెండు జతల అంకెలు నిల్వ సమస్యను పరోక్షంగా ఒప్పుకుంటాయి. మొదటి జత నీటికి సంబంధించింది. ట్యాంకర్లలో వచ్చే నూనెకు కిలోకు 30 మిల్లీగ్రాముల నీరు గరిష్ఠ పరిమితి అయితే, డ్రమ్ముల్లోనూ వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ కంటైనర్లలోనూ వచ్చేదానికి 40 మిల్లీగ్రాములు. అదే నూనె, అదే రిఫైనరీ. అయినా చిన్న ప్యాకింగులో తేమ ఎక్కువ చేరుతుందని ప్రమాణం ముందే లెక్కగట్టింది. రెండో జత బీడీవీది. వచ్చిన నూనెను వచ్చినట్టే పరీక్షిస్తే కనీసం 30 కేవీ ఉండాలి, ప్రయోగశాలలో శుద్ధి చేసి పరీక్షిస్తే కనీసం 70 కేవీ రావాలి. ఈ రెండు అంకెల మధ్య దూరం దాదాపు పూర్తిగా దారిలోనూ గోదాములోనూ చేరిన తేమదీ దుమ్ముదీ. శుద్ధి చేశాక కూడా 70 రాకపోతే లోపం ఇంకెక్కడో ఉన్నట్టు.

ఈ కారణంగానే డ్రమ్ములోని ఆయిల్‌ను ఫిల్టర్ చేయకుండా నేరుగా పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌లో పోయరు. ఆయిల్ కొత్తదైనా సరే, ఈ నియమానికి మినహాయింపు ఉండకూడదు.

కాలం చేసే పని: ఆక్సీకరణ

గాలిలోని ఆక్సిజన్ నూనెను మార్చే తీరు గొలుసుకట్టుగా సాగుతుంది. వేడి, వెలుతురు లేదా లోహపు అయాన్ల ప్రభావంతో ఒక హైడ్రోకార్బన్ అణువు నుంచి హైడ్రోజన్ ఊడితే ఫ్రీ రాడికల్ మిగులుతుంది. అది ఆక్సిజన్‌తో కలిసి, పక్కనున్న అణువు నుంచి హైడ్రోజన్ లాక్కుని హైడ్రోపెరాక్సైడ్ అవుతుంది. ఇప్పుడు ఆ పక్క అణువు రాడికల్‌గా మారి అదే పని మొదలుపెడుతుంది. హైడ్రోపెరాక్సైడ్లు విరిగి ఆల్కహాళ్లు, ఆల్డిహైడ్లు, కీటోన్లు ఏర్పడతాయి, చివరికి ఆమ్లాలు, నీరు పుడతాయి. ఈ పదార్థాలు ఒకదానితో ఒకటి కలిసి పెద్ద అణువులై, నూనెలో కరగలేక స్లడ్జ్‌గా అడుగుకు దిగుతాయి.

ఈ గొలుసును తెంచేవి రెండు రకాలు. శుద్ధిలో పూర్తిగా పోకుండా మిగిలిన కొన్ని సహజ గంధక సమ్మేళనాలు పెరాక్సైడ్లను నిర్వీర్యం చేస్తాయి. విడిగా కలిపే ఇన్హిబిటర్ రాడికల్‌కు తన హైడ్రోజన్ ఇచ్చి దాన్ని అక్కడికక్కడే శాంతింపజేస్తుంది. ఎక్కువగా వాడే ఇన్హిబిటర్ డీబీపీసీ. ఆహార ప్యాకింగుల్లో నూనెలు చెడు వాసన పట్టకుండా వేసే బీహెచ్‌టీ కూడా ఇదే పదార్థం. ఇన్హిబిటర్ కలిపిన నూనెలో దాని మోతాదు 0.08 నుంచి 0.40 శాతం వరకు ఉంటుంది.

ఈ ప్రక్రియ గోదాములో ఎంత వేగంగా సాగుతుంది? ఆక్సీకరణ స్థిరత్వాన్ని కొలిచే ఐఈసీ 61125 పరీక్షలో నూనెను 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర, రాగి తీగ ముంచి, గాలి పంపుతూ ఉంచుతారు. ఇన్హిబిటర్ లేని నూనెకు 164 గంటలు, ఉన్న నూనెకు 500 గంటలు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు తగ్గితే వేగం సగమవుతుందన్న స్థూల సూత్రాన్ని తీసుకుంటే, 120 నుంచి 30 డిగ్రీలకు వచ్చేసరికి వేగం 512వ వంతుకు పడిపోతుంది. ఆ లెక్కన 164 గంటల పరీక్ష దాదాపు తొమ్మిదిన్నర ఏళ్లకు సమానం, 500 గంటల పరీక్ష 29 ఏళ్లకు. ఇంత దూరపు అంచనాను అక్షరాలా నమ్మకూడదు. పైగా పరీక్ష ముగిసేసరికి నూనెలో ఆమ్లాలు, స్లడ్జ్ కొంత మేర ఉండటాన్ని ప్రమాణం అనుమతిస్తుంది, అంటే అది అప్పటికి తాజా నూనె కాదు. మరోవైపు సీలు చేసిన డ్రమ్ములో రాగి ఉండదు, గాలి ప్రవాహమూ ఉండదు. ఇవన్నీ కలిపి చూసినా మిగిలే నిర్ధారణ ఒకటే. నీడలో ఉంచిన మూసిన డ్రమ్ములో ఆక్సీకరణ జరగడానికి నెలలు చాలవు, ఏళ్లు పడతాయి.

ఒక మెలిక మాత్రం ఉంది. ఇన్హిబిటర్ ఉన్నంతకాలం ఆమ్లత పరీక్షలో ఏ మార్పూ కనిపించదు. అది అయిపోయిన తర్వాత మార్పు ఒక్కసారిగా ఊపందుకుంటుంది. అందుకే ఏళ్ల తరబడి ఉన్న నిల్వలో ఆమ్లత బాగుందని ఊరుకోకుండా ఇన్హిబిటర్ ఎంత మిగిలిందో కూడా కొలవాలి. ఇన్‌ఫ్రారెడ్ పద్ధతిలో ఈ కొలత తేలికే.

డ్రమ్ము ఊపిరి తీసుకుంటుంది

నిల్వలో అసలు కథ ఇక్కడ నడుస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు కన్జర్వేటర్ (నూనె ఉబ్బడానికి చోటిచ్చే పై ట్యాంకు), సిలికా జెల్ బ్రీదర్ ఉంటాయి. నూనె వేడెక్కి వ్యాకోచించినప్పుడు గాలి బయటికి పోతుంది, చల్లబడినప్పుడు సిలికా జెల్ మీదుగా ఆరి లోపలికి వస్తుంది. డ్రమ్ముకు ఆ ఏర్పాటు లేదు. అయినా డ్రమ్ము కూడా ఊపిరి తీసుకుంటుంది.

ఖనిజ నూనె ప్రతి డిగ్రీకి తన ఘనపరిమాణంలో దాదాపు 0.00075 వంతు పెరుగుతుంది. ఎండలో ఆరుబయట నిలబెట్టిన డ్రమ్ములో 200 లీటర్ల నూనె ఉందనుకుంటే, తెల్లవారుజాముకూ మధ్యాహ్నానికీ మధ్య నూనె ఉష్ణోగ్రత 30 డిగ్రీలు మారినప్పుడు అది నాలుగున్నర లీటర్లు ఉబ్బుతుంది. పైన ఉన్న ఖాళీ అంత పెద్దదేమీ కాదు. ఆ ఖాళీలోని గాలి నొక్కుకుపోయి పీడనం పెరుగుతుంది, మూత వాషరు దగ్గర ఎక్కడో కొంత బయటికి తోసుకుపోతుంది. రాత్రి చల్లబడగానే నూనె ముడుచుకుంటుంది, లోపల పీడనం బయటి కంటే తగ్గుతుంది, పోయిన దారినే గాలి వెనక్కి రావాలని చూస్తుంది. మూత చేత్తో తిప్పితే కదలనంత గట్టిగా ఉన్నా, ఎండిన రబ్బరు వాషరు ఈ రోజువారీ లాగుడుకు తట్టుకోలేదు.

లోపలికి వచ్చేది తేమ గాలి అయితే నష్టం నెమ్మదిగా ఉంటుంది. 30 డిగ్రీల దగ్గర పూర్తిగా తేమ పట్టిన గాలి ఒక ఘనపు మీటరులో సుమారు 30 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. నాలుగున్నర లీటర్ల గాలిలో అది 0.14 గ్రాములకు మించదు. అసలు ప్రమాదం డ్రమ్ము తలమీద నిలిచిన నీటిది. నిలబెట్టిన డ్రమ్ము పైభాగం అంచు కట్టిన పళ్లెంలా ఉంటుంది. వాననీరు, మంచు నీరు ఆ అంచు లోపలే మడుగు కడతాయి. మూతలు ఆ మడుగులో మునిగి ఉంటాయి. రాత్రి డ్రమ్ము లోపలికి పీల్చినప్పుడు మూత మరల సందులోంచి దిగేది ఇక గాలి కాదు, నీరే.

ఆ నీరు ఎంత దిగితే ఆయిల్ పాడవుతుంది? 200 లీటర్ల నూనె బరువు ఇంచుమించు 176 కిలోలు. నీటి పాళ్లు 10 పీపీఎం (పది లక్షల భాగాల్లో 10 భాగాలు) నుంచి 30 పీపీఎంకు పెరగడానికి కావలసింది కేవలం మూడున్నర గ్రాములు, చిన్న చెంచాడు కూడా కాదు. తేమ గాలి రూపంలో ఆ నీరు చేరాలంటే ఎంత తేమ వాతావరణంలోనైనా మూడు నాలుగు వారాల రాత్రులు పట్టాలి, అదీ వచ్చిన తేమంతా నూనెలోనే ఉండిపోతే. తలమీద మడుగు ఉంటే ఒక్క రాత్రి చాలు. మొదట్లో చెప్పిన మూడు నెలల డ్రమ్ము 25 కేవీకి పడిపోవడానికి ఇంతకంటే పెద్ద కారణం వెతకనక్కర్లేదు.

పరిష్కారం కూడా ఈ యాంత్రికత నుంచే పుడుతుంది. డ్రమ్మును పక్కకు పడుకోబెట్టి, రెండు మూతలూ ఒకే అడ్డ గీత మీదకు, అంటే గడియారంలో 3, 9 అంకెలు ఉండే చోటికి వచ్చేలా తిప్పి ఉంచుతారు. అప్పుడు రెండు మూతలూ లోపలివైపు నూనెలో మునిగి ఉంటాయి. వాషరు ఎండిపోదు, మూత బయట నీరు నిలవదు, లోపలి ఖాళీకి బయటి గాలితో సంబంధం తెగిపోతుంది. సీలు సడలితే నూనె బొట్టు కట్టి బయటే కనిపిస్తుంది, లోపం దాగదు. కింద చెక్క దిమ్మెలు వేస్తే నేల తేమకు డ్రమ్ము అడుగు తుప్పు పట్టదు. పైకప్పు ఉంటే పగలు రాత్రుల ఉష్ణోగ్రత తేడా తగ్గుతుంది, ఊపిరి చిన్నదవుతుంది. స్థలం చాలక నిలబెట్టక తప్పకపోతే, డ్రమ్మును కొద్దిగా ఏటవాలుగా పెట్టి, మూతలు ఎత్తు వైపున నీరు చేరని చోట ఉండేలా చూడాలి. ఈ జాగ్రత్తల్లో ఏదీ ఖర్చుతో కూడుకున్నది కాదు. అయినా గోదాముల్లో అన్నిటికంటే తరచుగా తప్పేవి ఇవే.

శాశ్వత నిల్వ ట్యాంకులకు సూత్రం ఇదే, అమరిక వేరు. గాలి వచ్చే దారిలో సిలికా జెల్ బ్రీదర్, అడుగు ఒకవైపుకు వాలు, ఆ చివర నీరు వదిలే డ్రెయిన్ కాక్, నూనె తీసే గొట్టం అడుగును తాకకుండా పైనుంచి లాగే ఏర్పాటు ఉండాలి. బ్రీదర్‌లో జెల్ రంగు మారాక కూడా అలాగే వదిలేస్తే అది ఉన్నా లేనట్టే.

అదే నీరు, వేర్వేరు రీడింగులు

నీరు నూనెలో ఎంత కరుగుతుందన్నది ఉష్ణోగ్రతను బట్టి బాగా మారుతుంది. ఖనిజ నూనెలో 10 డిగ్రీల దగ్గర సుమారు 36 పీపీఎం, 20 డిగ్రీల దగ్గర 55, 40 డిగ్రీల దగ్గర 120 వరకు కరగగలదు. నూనెలో ఆరోమాటిక్ భాగం ఎంత ఉందన్నదాన్ని బట్టి ఈ అంకెలు కొంత అటూ ఇటూ అవుతాయి. 30 పీపీఎం నీరున్న డ్రమ్మునే తీసుకుంటే, 40 డిగ్రీల మధ్యాహ్నం అది తన సామర్థ్యంలో నాలుగోవంతే నిండి ఉంటుంది. 20 డిగ్రీలకు సగం దాటుతుంది. 10 డిగ్రీలకు 80 శాతం పైకి చేరుతుంది. ఇంకాస్త చలిపడితే కరిగిన నీరు విడివడి సన్నని తుంపరలుగా బయటపడుతుంది, నూనె మసకబారుతుంది.

బీడీవీ మీద ప్రభావం చూపేది మొత్తం నీరు కంటే ఈ నిండుదనమే. అందుకే ఒకే డ్రమ్ము నుంచి ఎండవేళ తీసి వెంటనే పరీక్షించిన శాంపిల్‌కూ, చల్లని ప్రయోగశాలలో మర్నాడు పరీక్షించిన శాంపిల్‌కూ రీడింగులు కలవవు. ఎవరి మెషిన్ తప్పు అన్న గొడవ ఇక్కడే మొదలవుతుంది. చాలాసార్లు రెండు మెషిన్లూ సరిగ్గానే ఉంటాయి. రీడింగు పక్కన నూనె ఉష్ణోగ్రత రాయకపోవడమే లోపం.

దుమ్ము, ముఖ్యంగా సన్నని పీచు, దీనికి తోడైతే పరిస్థితి మరీ దిగజారుతుంది. కాగితపు నూగు, గుడ్డ పోగు, పత్తి వేస్టు నుంచి రాలిన తంతువులు నీటిని ఇష్టంగా పీల్చుకుంటాయి. ఐఈసీ 60156 ప్రకారం బీడీవీ పరీక్షలో రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఎడం 2.5 మిల్లీమీటర్లు, వోల్టేజీని సెకనుకు 2 కేవీ చొప్పున పెంచుతూ ఆరుసార్లు పరీక్షించి సగటు తీస్తారు. తేమ పట్టిన తంతువులు విద్యుత్ క్షేత్రంలో ఒకదాని వెనక ఒకటి వరుస కట్టి ఆ 2.5 మిల్లీమీటర్ల మధ్య వంతెన వేస్తాయి. ఆ దారినే విద్యుత్తు దూకుతుంది. ఆరు రీడింగులు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటే తరచూ కారణం ఇదే. శాంపిల్ సీసాను గుడ్డతో తుడిచి ఆరబెట్టే అలవాటు ఈ పరీక్షకు ఎంత చేటో దీన్నిబట్టి తెలుస్తుంది.

వెలుతురు, ప్లాస్టిక్ కంటైనర్లు

అతినీలలోహిత కిరణాలు నేరుగా ఫ్రీ రాడికల్స్‌ను పుట్టించగలవు కాబట్టి, ఆక్సీకరణకు వేడి లేకపోయినా వెలుతురు చాలు. తెల్ల గాజు సీసాలో కిటికీ పక్కన ఉంచిన శాంపిల్ రంగు ముదురుతుంది. అందుకే శాంపిళ్లకు ముదురు గోధుమ రంగు గాజు లేదా లోహపు సీసాలు వాడతారు.

ఉక్కు డ్రమ్ములో ఈ బెడద లేదు. తెల్లని పాలిథిన్ కంటైనర్లలో ఉంది. వాటి గోడ వెలుతురును కొంత లోపలికి రానిస్తుంది, నీటి ఆవిరినీ ఆక్సిజన్‌నూ కూడా నెమ్మదిగా చొరబడనిస్తుంది. రవాణాకు అవి ఎంతో అనువు. నెలల తరబడి ఆరుబయట ఉంచడానికి మాత్రం పనికిరావు.

నూనెలో పరాయి నూనె

నీరు చేరిన నూనెను బాగుచేయవచ్చు. పరాయి నూనె కలిసినదాన్ని బాగుచేయడం చాలా కష్టం. నిల్వ సమస్యల్లో దీనికి దక్కాల్సినంత శ్రద్ధ దక్కడం లేదు.

ఇంజన్ ఆయిల్‌లో మసిని, మడ్డిని తేల్చి ఉంచడానికి డిటర్జెంట్లు, డిస్పర్సెంట్లు కలుపుతారు. ఇంజన్‌లో అవి గుణాలు, ట్రాన్స్‌ఫార్మర్‌లో దోషాలు. నీటిని నూనె నుంచి విడివడనివ్వకుండా పట్టి ఉంచుతాయి, విద్యుత్తును కొద్దికొద్దిగా ప్రవహింపజేస్తాయి. ఇంజన్ ఆయిల్ ఖాళీ చేసిన డ్రమ్మును వంచి పారబోసినంత మాత్రాన గోడలకు అంటిన పొర పోదు. అందులో ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ పోస్తే ఆ పొర మొత్తం నూనెకు అంటుకుంటుంది. సబ్బుతో కడిగిన డ్రమ్ముదీ అదే ఫలితం. సిలికోన్ ద్రవం లేశమాత్రం కలిసినా, వాక్యూమ్ కింద గాలి తీసే సమయంలో నూనె నురగ కట్టి ప్లాంటు నడవడమే కష్టమవుతుంది. మామూలు రబ్బరు గొట్టాల్లోని మెత్తదనం కోసం వేసే పదార్థాలు నూనెలోకి దిగి టాన్ డెల్టాను (నూనెలో విద్యుత్ శక్తి ఎంత వృథా అవుతుందో చెప్పే కొలతను) పెంచుతాయి. జింకు పూత వేసిన పాత్రలు, రాగి అమరికలు కూడా దూరంగా ఉంచదగ్గవే. ఆ లోహాలు ఆమ్లాలతో కలిసి సబ్బులుగా మారి నూనెలో కరుగుతాయి.

పాత ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి దించిన నూనెను కొత్తదానితో ఒకే చోట నిల్వ చేస్తే మరో ప్రమాదం పీసీబీలది. మండే గుణం తక్కువని ఒకప్పుడు విరివిగా వాడిన ఈ క్లోరిన్ సమ్మేళనాలు పర్యావరణంలో విచ్ఛిన్నం కాకుండా మిగిలిపోతాయి. 2001లో ఆమోదం పొంది 2004లో అమల్లోకి వచ్చిన స్టాక్‌హోమ్ ఒప్పందం, పీసీబీ ఉన్న పరికరాల వాడకాన్ని 2025 నాటికి ఆపాలనీ, వాటి వ్యర్థాలను 2028 నాటికి సురక్షితంగా వదిలించుకోవాలనీ లక్ష్యం పెట్టింది. 50 పీపీఎం దాటిన ద్రవాలు ఆ లెక్కలోకి వస్తాయి. ఒకే పంపు, ఒకే గొట్టం రెంటికీ వాడితే శుభ్రమైన నిల్వ మొత్తం ఆ జాబితాలో చేరే అవకాశం ఉంది.

బీడీవీ చూడలేనివి

60 కేవీ వచ్చిన గడువు దాటిన డ్రమ్ము విషయానికి వద్దాం. ఆ అంకె నూనె పొడిగా, శుభ్రంగా ఉందని చెబుతోంది. అంతవరకే. నూనెలో కరిగి ఉన్న ఆమ్లాలు, సబ్బులు, ఆక్సీకరణ తొలి దశలో పుట్టే ధ్రువ పదార్థాలు బీడీవీని పెద్దగా తగ్గించవు. బాగా వయసు మళ్లిన నూనెను కూడా ఆరబెట్టి వడగడితే మంచి బీడీవీ చూపగలదు.

ఆ లోపాలను పట్టేవి వేరే పరీక్షలు. 90 డిగ్రీల దగ్గర కొలిచే టాన్ డెల్టా కొత్త నూనెకు 0.005 మించకూడదు. అయాన్లు, సబ్బులు, పరాయి నూనెలు చేరగానే ముందుగా స్పందించేది ఇదే. నీటికీ నూనెకీ మధ్య తలతన్యత కొత్త నూనెలో మీటరుకు 40 మిల్లీన్యూటన్ల పైన ఉంటుంది, ధ్రువ పదార్థాలు పెరిగేకొద్దీ దిగిపోతుంది. ఆమ్లత కొత్త నూనెలో గ్రాముకు 0.01 మిల్లీగ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్‌కు మించదు. నీటిని కార్ల్ ఫిషర్ పద్ధతిలో కొలుస్తారు. ఈ నాలుగింటితో పాటు ఇన్హిబిటర్ మోతాదు కూడా తెలిస్తే నిల్వ నూనె గురించి దాదాపు అంతా తెలిసినట్టే.

టాన్ డెల్టా, తలతన్యత రెండూ ఒకేసారి చెడి, ఆమ్లత మాత్రం కొత్తదానిలాగే ఉంటే ఆక్సీకరణను అనుమానించనక్కర్లేదు. డ్రమ్ము మురికిదో, గొట్టం మురికిదో అయి ఉండాలి. మూడూ కలిసి క్రమంగా దిగజారుతుంటే అది వయసు. నీరు పెరిగి మిగతావన్నీ బాగుంటే మూత వాషరును చూడాలి. ఇలా పరీక్షలను కలిపి చదివితే కారణం ఎక్కడుందో దొరుకుతుంది. ఒక్కో అంకెను పరిమితితో పోల్చి పాస్, ఫెయిల్ అని రాసుకుంటే దొరకదు.

ఇవన్నీ శాంపిల్ సరిగా తీస్తేనే. ఖనిజ నూనె నీటికంటే తేలిక కాబట్టి విడిపోయిన నీరు అడుగున చేరుతుంది. డ్రమ్మును కదిలించకుండా కొన్ని గంటలు నిలవనిచ్చి, పొడవాటి గాజు లేదా లోహపు గొట్టాన్ని పై కొన వేలితో మూసి అడుగుదాకా దించి, అక్కడ వేలు తీసి నింపి శాంపిల్ తీయాలి. పైనుంచి ముంచి తీసిన శాంపిల్ డ్రమ్ములోని అతి మంచి భాగాన్నే చూపుతుంది.

ఎస్టర్ ద్రవాలకు వేరే లెక్క

అగ్ని ప్రమాదం తక్కువని, మట్టిలో త్వరగా విచ్ఛిన్నమవుతాయని ఎస్టర్ ద్రవాల వాడకం పెరుగుతోంది. ఖనిజ నూనె మీద వచ్చిన అలవాట్లను వీటికి అలాగే వర్తింపజేయడం వల్ల కొత్త పొరపాట్లు వస్తున్నాయి.

సోయా, ఆవ జాతి గింజల నుంచి తీసే సహజ ఎస్టర్లు ట్రైగ్లిసరైడ్లు. వాటిలోని కొవ్వు ఆమ్లాల గొలుసుల్లో ద్విబంధాలు ఉంటాయి. ఒక ద్విబంధం ఉన్న ఒలీక్ ఆమ్లం కంటే రెండున్న లినోలీక్, మూడున్న లినోలెనిక్ ఆమ్లాలు ఎన్నో రెట్లు వేగంగా ఆక్సీకరణ చెందుతాయి. అప్పుడు జరిగేది ఖనిజ నూనెలోలాగా స్లడ్జ్ దిగడం కాదు. అణువులు ఒకదానికొకటి ముడిపడి ద్రవం చిక్కబడుతుంది. పలుచని పొరగా ఉంటే జిగురై, చివరికి వార్నిష్‌లా గట్టిపడుతుంది. సగం వాడి మూత పెట్టేసిన డ్రమ్ములో పై గోడలకు అంటిన పొర ఇలాగే మారుతుంది. కాబట్టి తెరిచిన డ్రమ్మును త్వరగా వాడేయాలి, లేదా పై ఖాళీని పొడి నైట్రోజన్‌తో నింపి మూయాలి. ట్యాంకుల్లోనూ నైట్రోజన్ దుప్పటే సరైన పద్ధతి. గాలి ఆడే బ్రీదర్ వీటికి చాలదు.

నీటి విషయంలో ఎస్టర్ల తీరు ఖనిజ నూనెకు భిన్నం. గది ఉష్ణోగ్రతలో సహజ ఎస్టర్ వెయ్యి పీపీఎం పైచిలుకు నీటిని, కృత్రిమ ఎస్టర్ రెండువేల పైచిలుకు పీపీఎంను కరిగించుకోగలవు. సహజ ఎస్టర్ల ప్రమాణమైన ఐఈసీ 62770 కొత్త ద్రవంలో కిలోకు 200 మిల్లీగ్రాముల వరకు నీటిని అనుమతిస్తుంది. ఖనిజ నూనెలో అంత నీరుంటే అది నూనె అనిపించుకోదు. ఎస్టర్‌లో బీడీవీ నిలకడగానే ఉంటుంది. ఇది మేలైన గుణమే, కానీ తేమ చొరబడుతున్న సంగతిని బీడీవీ ఇంకా ఆలస్యంగా బయటపెడుతుందన్నమాట. నీరు ఎక్కువ కాలం ఉంటే ఎస్టర్ బంధాలు తెగి కొవ్వు ఆమ్లాలు పుడతాయి, ఆమ్లత పెరుగుతుంది. ఆక్సీకరణకు తట్టుకోవడంలో కృత్రిమ ఎస్టర్లు సహజమైన వాటికంటే ఎంతో గట్టివి, తేమను పీల్చుకోవడంలో మాత్రం ఇంకా ముందుంటాయి.

గడువు దాటిన నిల్వను ఏం చేయాలి

డ్రమ్ము మీది తేదీ తయారీదారు హామీకి చివరి రోజు. ఆ రోజు నూనె లోపల ఏదో మారిపోతుందని దాని అర్థం కాదు. తేదీ దాటిన ఖనిజ నూనెను పరీక్షించకుండా పారేయడం డబ్బు వృథా, తగలబెట్టడమో మట్టిలో పోయడమో చేస్తే పర్యావరణానికీ నష్టం. తేదీ ఇంకా ఉందని పరీక్షించకుండా వాడటం అంతకంటే ప్రమాదం. ట్రాన్స్‌ఫార్మర్‌లో ఒకసారి కలిశాక ఆ నూనెను విడదీసే మార్గం లేదు, దానిలోని తేమ తీగ చుట్టలకు చుట్టిన కాగితంలోకి ఇంకిపోతుంది. కాగితం నుంచి తేమను తీయడం నూనె నుంచి తీయడం కంటే ఎన్నో రెట్లు కష్టం.

పరీక్షల్లో తేలిన లోపాన్ని బట్టి దారి మూడు రకాలు. నీరు, దుమ్ము, కరిగిన గాలి మాత్రమే సమస్య అయితే వేడి చేసి వాక్యూమ్ కింద ఫిల్టర్ చేస్తే సరిపోతుంది. గాలి తగిలిన నూనెలో ఘనపరిమాణంలో దాదాపు పదో వంతు గాలి కరిగి ఉంటుంది. అందులో ఆక్సిజన్ వాటా బయటి గాలిలో కంటే ఎక్కువ. అధిక వోల్టేజీ ట్రాన్స్‌ఫార్మర్లకు ఈ గాలిని తీయడం కూడా నీటిని తీయడమంత ముఖ్యం. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. డీబీపీసీ కొంత ఆవిరయ్యే గుణం ఉన్నది. మరీ ఎక్కువ వేడి, మరీ లోతైన వాక్యూమ్ కలిస్తే నీటితో పాటు అదీ పోతుంది. శుద్ధి తర్వాత దాని మోతాదు మళ్లీ చూసుకోవాలి.

ఆమ్లత, తలతన్యత దెబ్బతింటే మామూలు ఫిల్టర్ పనిచేయదు. ఫుల్లర్స్ ఎర్త్ లాంటి మట్టి గుండా పంపి ధ్రువ పదార్థాలను పట్టించే పునరుద్ధరణ కావాలి, ఆ తర్వాత ఇన్హిబిటర్ కొత్తగా కలపాలి. కొన్ని డ్రమ్ముల కోసం ఆ ఖర్చు గిట్టుబాటు కాదు. ఇంజన్ ఆయిల్, సిలికోన్ వంటివి కలిసినదాన్ని ట్రాన్స్‌ఫార్మర్ దరిదాపులకు తేకుండా అధీకృత రీసైక్లింగ్‌కు పంపడమే సబబు. పీసీబీ ఉన్నట్టు తేలితే అది ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వెళ్తుంది, మామూలు పాత నూనెతో కలపకూడదు.

శుద్ధి చేసిన నూనెను మళ్లీ నిల్వకు పంపితే నీటి లెక్క మొదటి నుంచి మొదలవుతుంది, ఇన్హిబిటర్ లెక్క మాత్రం ఆగిన చోటి నుంచే కొనసాగుతుంది. అందుకే డ్రమ్ము మీద తయారీ తేదీతో పాటు శుద్ధి చేసిన తేదీ, అప్పటి నీరు, టాన్ డెల్టా, ఇన్హిబిటర్ అంకెలు రాసి ఉంచాలి. తర్వాతి పరీక్ష వాటితో పోల్చగలిగినప్పుడే మార్పు ఏ వేగంతో జరుగుతోందో తెలుస్తుంది. పోల్చడానికి పాత అంకె లేకపోతే, ఇప్పుడు వచ్చిన 0.004 టాన్ డెల్టా నిలకడగా ఉన్నదో, 0.001 నుంచి ఎక్కుతున్నదో ఏ ప్రయోగశాలా చెప్పలేదు.